చిన్న, జబ్బుపడ్డ నవజాత శిశువుల సంరక్షణ: జాతీయ మార్గదర్శకం నుంచి ఇచ్ఛాపురం కాన్పు గది వరకు ఒక సమగ్ర మార్గదర్శి

మన దేశంలో నవజాత శిశువుల సంరక్షణకు సంబంధించిన పత్రాలకు కొరత లేదు. 2009లో నవజాత శిశు సురక్షా కార్యక్రమం పేరుతో కాన్పు గది సిబ్బందికి రెండు రోజుల శిక్షణ మొదలైంది. 2011లో వచ్చిన నిర్వహణ మార్గదర్శకాలతో మూడంచెల ఏర్పాటు స్థిరపడింది. కాన్పు జరిగే ప్రతిచోటా నవజాత శిశు సంరక్షణ మూల, సామాజిక ఆరోగ్య కేంద్రం స్థాయిలో స్థిరీకరణ విభాగం, జిల్లా ఆసుపత్రిలో మనమంతా ఎస్‌ఎన్‌సీయూ అని పిలిచే ప్రత్యేక సంరక్షణ విభాగం ఉండాలని ఆ పత్రం నిర్దేశించింది. 2014లో ప్రకటించిన భారత నవజాత శిశు కార్యాచరణ ప్రణాళిక, 2030 నాటికి వెయ్యి సజీవ జననాలకు పదికంటే తక్కువ నవజాత శిశు మరణాలు ఉండాలని లక్ష్యంగా పెట్టుకుంది. అయినా నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ రాత్రి రెండు గంటలకు సోంపేటలోనో, గజపతినగరంలోనో ఊపిరికి ఇబ్బంది పడుతున్నప్పుడు, డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సు చేతికి ఈ పత్రాలలోని విషయం ఎంతవరకు చేరిందన్నదే అసలు ప్రశ్న. జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో మార్గదర్శకాలు తయారుచేసేవారు, వాటిపై శిక్షణ ఇచ్చేవారు ఆ నర్సు దగ్గర మొదలుపెట్టి పైకి రాసుకుంటూ వెళ్లాలన్నది నా దృఢమైన అభిప్రాయం. కింది దశలన్నీ ఆ దృష్టితోనే రాశాను. ఉదాహరణలు శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలవి.

ఎవరి గురించి రాస్తున్నామో తేల్చుకోవడం

పుట్టినప్పుడు 2,500 గ్రాములకంటే తక్కువ ఉంటే తక్కువ బరువు శిశువు, 1,500 గ్రాములకంటే తక్కువ ఉంటే అతి తక్కువ బరువు శిశువు, 37 వారాలు నిండకముందే పుడితే నెలలు నిండని శిశువు. తల్లి రక్తహీనత వల్లో, రక్తపోటు వల్లో నెలలు నిండాక కూడా బరువు తక్కువగా పుట్టిన బిడ్డ అవసరాలు వేరు, 31 వారాలకే పుట్టి ఊపిరితిత్తులు ఇంకా పరిపక్వం కాని బిడ్డ అవసరాలు వేరు. అందువల్ల పత్రంలో ప్రతిచోటా బరువుతోపాటు గర్భకాలాన్ని కూడా అడగాలి. పుట్టగానే ఊపిరి తీసుకోనివారు, ఆయాసంతో డొక్కలు ఎగరేస్తున్నవారు, పాలు తాగడం మానేసినవారు, ఒళ్లు చల్లబడినవారు, కామెర్లు అరచేతులకూ అరికాళ్లకూ పాకినవారు, ఫిట్స్ వచ్చినవారు జబ్బుపడ్డ శిశువుల కిందికి వస్తారు. ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 3 కోట్లమంది శిశువులకు ఆసుపత్రిలో ఉంచి చేసే సంరక్షణ అవసరమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అంచనా వేసింది.

ఏ స్థాయి ఆసుపత్రి ఎంతవరకు చేయాలి, ఎక్కడ ఆగి పైకి పంపాలి అనేది కూడా ఇక్కడే నిర్ణయం కావాలి. వెంటిలేటర్, శస్త్రచికిత్స వంటి విషయాలను బోధనాసుపత్రుల పత్రానికి వదిలిపెట్టడం మంచిది.

బిడ్డ ప్రయాణాన్ని గీయడం

ఈ దశను చాలా కమిటీలు వదిలేస్తాయి. ఒక్క చికిత్స వాక్యం రాయకముందే, తల్లికి నొప్పులు మొదలైన చోటు నుంచి బిడ్డ ఇంటికి తిరిగి వెళ్లేదాకా జరిగే ప్రయాణాన్ని కాగితంపై గీయాలి. ప్రతి మజిలీలో ఎంత సమయం పడుతుందో, అక్కడ ఎవరుంటారో, ఏ పరికరం పనిచేస్తుందో రాయాలి. దీనిని కార్యాలయంలో కూర్చుని ఊహించి రాయకూడదు. ఆశా కార్యకర్తను, ఏఎన్‌ఎంను, 108 వాహనంలోని సహాయకుణ్ణి, ఈమధ్యే బిడ్డను ఎస్‌ఎన్‌సీయూ నుంచి తీసుకెళ్లిన ఒక తల్లిని కూర్చోబెట్టుకుని అడిగి రాయాలి.

అలా గీస్తే మన ప్రాంతంలో కొన్ని విషయాలు వెంటనే కనబడతాయి. ఇచ్ఛాపురంలో పుట్టిన బిడ్డకు శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వంద కిలోమీటర్లకు పైగా దూరం, ఒడిశాలోని బరంపురం మాత్రం చాలా దగ్గర. పాతపట్నం వాళ్లకు పర్లాకిమిడి పక్కనే ఉంది. కుటుంబాలు సహజంగానే అటు వెళతాయి, కాబట్టి జిల్లా సరిహద్దు దగ్గర ఆగిపోయే రెఫరల్ పటం వాళ్లకు పనికిరాదు. రెండు రాష్ట్రాల ఆసుపత్రుల మధ్య ఫోన్ సమాచారం, ఒకే రకమైన రెఫరల్ చీటీ ఉండాలని మార్గదర్శకంలోనే రాయాలి. పూర్వం శ్రీకాకుళం జిల్లాలో ఉండి 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సీతంపేట కొండలపైని సవర, జాతాపు గూడేల నుంచి గర్భిణిని డోలీలో కిందికి దింపాల్సిన పరిస్థితులు ఉన్నాయి. అక్కడ నెలలు నిండని కాన్పు జరిగే అవకాశం ఉన్న తల్లిని ముందే రోడ్డు దగ్గరున్న వసతికి చేర్చడం బిడ్డ పుట్టాక చేసే ఏ చికిత్సకంటే విలువైనది. ఆ వాక్యానికి మార్గదర్శకంలో చోటు ఉండాలి.

మరొకటి మన ఇళ్లలో అందరికీ తెలిసినదే అయినా పత్రాలలో కనిపించదు. తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వస్తుంది. గర్భిణిగా నమోదు రాజాంలో, కాన్పు నరసన్నపేటలో, బిడ్డకు మూడో నెలకు తిరిగి అత్తవారింటికి చీపురుపల్లికి ప్రయాణం. ఎస్‌ఎన్‌సీయూ నుంచి ఇంటికి వెళ్లిన బిడ్డ జాడ తప్పిపోయేది ఈ మార్పులలోనే. అందువల్ల డిశ్చార్జి చీటీలో ఒక చిరునామా సరిపోదు. రాబోయే మూడు నెలలు బిడ్డ ఎక్కడెక్కడ ఉంటుందో తల్లిని అడిగి, రెండు ఊళ్ల ఏఎన్‌ఎంలకూ తెలియజేయాలి.

కమిటీలో ఎవరుండాలి

శిశువైద్యులు, స్త్రీవైద్య నిపుణులు, జిల్లా వైద్యారోగ్య అధికారి ఎలాగూ ఉంటారు. వారితోపాటు రాత్రి డ్యూటీలు చేసే స్టాఫ్ నర్సులు కనీసం ఇద్దరు, నర్సింగ్ పాఠశాల అధ్యాపకురాలు, మందుల స్టోరు ఫార్మసిస్టు, పరికరాల మరమ్మతు చూసే ఇంజినీరు, బిడ్డను పోగొట్టుకున్న లేదా కాపాడుకున్న కుటుంబం నుంచి ఒకరు ఉండాలి. నర్సులు పెద్ద డాక్టర్ల ముందు మాట్లాడడానికి జంకుతారు. వారి అభిప్రాయాలను ముందుగా విడిగా రాయించుకుని, సమావేశంలో వాటినే మొదట చదవడం మంచి పద్ధతి.

సభ్యులందరూ తమ ఆర్థిక ప్రయోజనాలను రాతపూర్వకంగా వెల్లడించాలి. ముఖ్యంగా డబ్బాపాల కంపెనీల విషయంలో ఏ మినహాయింపూ ఉండకూడదు. 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం, 2003 సవరణతో కలిపి, ఆ కంపెనీలు ఆరోగ్య సిబ్బందికి కానుకలు ఇవ్వడాన్నీ, సదస్సులకు డబ్బు పెట్టడాన్నీ నిషేధించింది. శిక్షణలో ఇచ్చే భోజనం దగ్గర నుంచి చేతి సంచి వరకు ఈ నియమం వర్తిస్తుంది.

ఆధారాలను మన నేలపై తూచడం

ప్రతి అంశాన్నీ ముందుగా ఒక ప్రశ్నగా మార్చాలి. ఎలాంటి బిడ్డకు, ఏ చికిత్స, దేనితో పోల్చి, ఏ ఫలితం కోసం అన్న నాలుగు భాగాలూ ఆ ప్రశ్నలో ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే గ్రేడ్ పద్ధతిలో ఆధారాల నిశ్చయతను ఎక్కువ, మధ్యస్థం, తక్కువ, అతి తక్కువ అని నాలుగు స్థాయిలుగా చూస్తారు. దానితోపాటు లాభనష్టాలు, ఖర్చు, కుటుంబాల అంగీకారం, అమలు సాధ్యత కూడా చూశాకే సిఫారసు బలమైనదా, షరతులతో కూడినదా అని నిర్ణయిస్తారు. జిల్లా కమిటీలు ఈ పనంతా మొదటి నుంచి చేయనక్కరలేదు. ఉన్న మంచి మార్గదర్శకాన్ని తీసుకుని, ప్రతి సిఫారసునూ యథాతథంగా తీసుకోవాలా, మార్చుకోవాలా, వదిలేయాలా అని నిర్ణయించి, కారణం రాస్తే చాలు. ఆ కారణం రాయడం మాత్రం తప్పనిసరి.

ఎందుకంత తప్పనిసరో రెండు పరిశోధనలు చెబుతాయి. నెలలు నిండకముందే కాన్పు అయ్యేలా ఉన్న తల్లికి స్టీరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పరిపక్వమవుతాయన్నది పెద్ద ఆసుపత్రులలో దశాబ్దాలుగా రుజువైన విషయం. అయితే మన బెళగావి, నాగపూర్ ప్రాంతాలతో సహా ఆరు దేశాల్లో, కింది స్థాయి ఆరోగ్య కేంద్రాలలో వీటి వాడకాన్ని పెంచి చూసిన పరిశోధన 2015లో వెలువడినప్పుడు, చిన్న బిడ్డలకు ప్రయోజనం కనిపించలేదు. పైగా మొత్తం శిశువులలో మరణాలు, తల్లులలో ఇన్ఫెక్షన్లు కొంత పెరిగాయి. ఆ తర్వాత 2020లో భారత్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, కెన్యా, నైజీరియాలలో స్కానింగ్‌తో గర్భకాలాన్ని సరిగా లెక్కించి, పుట్టిన బిడ్డకు తగిన సంరక్షణ ఇవ్వగల ఆసుపత్రులలోనే చేసిన పరిశోధనలో నవజాత శిశు మరణాలు 23.5 శాతం నుంచి 19.6 శాతానికి తగ్గాయి. రెండు చోట్లా మందు ఒక రకానిదే, అది పనిచేసిన పరిస్థితి వేరు. కాబట్టి ‘24 నుంచి 34 వారాల మధ్య స్టీరాయిడ్ ఇవ్వాలి’ అని మాత్రమే రాసి వదిలిపెడితే అది అసంపూర్తి సిఫారసు. గర్భకాలం నిర్ధారణ అయిందా, వారం లోపు కాన్పు జరిగే అవకాశం గట్టిగా ఉందా, తల్లికి ఇన్ఫెక్షన్ లక్షణాలు లేవా, కాన్పుకూ ఆ తర్వాత బిడ్డకూ తగిన సంరక్షణ అందుతుందా అనే షరతులు అదే పెట్టెలో, అదే అక్షర పరిమాణంలో ఉండాలి. దీనికి అనుబంధంగా, గర్భం తొలి మూడు నెలల్లోనే తల్లికి స్కానింగ్ చేయించడం శిశు సంరక్షణలో భాగమేనని గుర్తించాలి.

ఇలాంటిదే మరొకటి. పుట్టుకలో ప్రాణవాయువు అందక మెదడు దెబ్బతిన్న బిడ్డ శరీరాన్ని చల్లబరిచే చికిత్స సంపన్న దేశాల్లో ప్రామాణికం. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో చేసి 2021లో ప్రచురించిన పరిశోధనలో అదే చికిత్స పొందిన బిడ్డల్లో 42 శాతం, పొందనివారిలో 31 శాతం మరణించారు. పెద్ద ఊరి ఆసుపత్రిలో చూసివచ్చిన చికిత్సను జిల్లా పత్రంలో చేర్చేముందు ఈ అంకెలను తలచుకోవాలి.

ఆధారాలు మరోవైపు కూడా నడిపిస్తాయి. కంగారూ సంరక్షణను, అంటే బిడ్డను తల్లి ఛాతీకి చర్మం తగిలేలా ఆనించి ఉంచడాన్ని, బిడ్డ స్థిమితపడ్డాకే మొదలుపెట్టాలని మనం చాలాకాలం నేర్చుకున్నాం, నేర్పాం. ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితోపాటు ఆఫ్రికాలోని నాలుగు దేశాల ఆసుపత్రులలో 1,000 నుంచి 1,799 గ్రాముల బిడ్డలకు పుట్టిన వెంటనే దీనిని మొదలుపెట్టి చూశారు. 28 రోజుల లోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయని 2021లో తేలింది. 2022 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫారసును మార్చింది. తనంతట ఊపిరి తీసుకోలేనివారు, రక్తప్రసరణ పడిపోయి షాక్‌లో ఉన్నవారు, వెంటిలేటర్ అవసరమైనవారు తప్ప మిగిలిన చిన్న బిడ్డలందరికీ పుట్టిన వెంటనే మొదలుపెట్టి, రోజుకు 8 నుంచి 24 గంటల వరకు, వీలైనంత ఎక్కువసేపు కొనసాగించాలన్నది ఇప్పటి మాట. దీనిని ఒప్పుకుంటే ఎస్‌ఎన్‌సీయూ భవన నమూనాయే మారాలి. తల్లి మంచం బిడ్డ పక్కకు రావాలి, సిజేరియన్ అయిన తల్లిని చూసే ప్రసూతి నర్సు కూడా అక్కడికే రావాలి. తల్లి లేచే స్థితిలో లేనప్పుడు తండ్రిగానీ అమ్మమ్మగానీ బిడ్డను ఎత్తుకోవచ్చని స్పష్టంగా రాయాలి. లేకపోతే మగవాళ్లను వార్డు గుమ్మం దగ్గరే ఆపేస్తారు.

సిఫారసును పడక పక్కకు తేవడం

నర్సు చేతిలో ఉండే ప్రొటోకాల్ ఒక్కో సమస్యకు ఒక్క పేజీ దాటకూడదు. ఎవరు, ఎప్పుడు, ఏం చేయాలి, ఏ హద్దు దాటితే ఎవరికి ఫోన్ చేయాలి అన్న నాలుగు విషయాలూ అందులో ఉండాలి. ‘తగినంత వెచ్చదనం కల్పించాలి’ అనే వాక్యం ఎవరికీ ఉపయోగపడదు. ‘చంకలో ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, 36.5 కంటే తగ్గితే తడిగుడ్డ తీసి, టోపీ పెట్టి, తల్లి ఛాతీకి ఆనించి, మళ్లీ కొలవాలి. 36 కంటే తగ్గితే వార్మర్ పెట్టి డాక్టరును పిలవాలి’ అని రాస్తే పని జరుగుతుంది.

లెక్కలను నర్సుకు వదలకుండా పట్టికగా ఇవ్వాలి. ఉదాహరణకు 1.6 కిలోల బిడ్డకు మొదటి రోజు కిలోకు 60 మి.లీ. చొప్పున పాలు పట్టాలంటే రోజుకు 96 మి.లీ. అవుతుంది. రెండు గంటలకొకసారి, పన్నెండు విడతలుగా ఇస్తే విడతకు 8 మి.లీ. ఈ 8 అనే అంకె పట్టికలో సిద్ధంగా ఉండాలి. రాత్రి మూడు గంటలకు గుణకారం చేయమని అడగడం న్యాయం కాదు. పిండిన తల్లిపాలను పట్టే సాధనం మన ఇళ్లలోని ఉగ్గుగిన్నే. దానిని మరిగించి వాడే పద్ధతి నేర్పాలి, పాలపీకకు వార్డులో చోటివ్వకూడదు. పుట్టిన వెంటనే స్నానం, నోట్లో ఆముదం లేదా తేనె, బొడ్డుకు పొడులు, బాలింత గదిలో సాంబ్రాణి పొగ వంటి అలవాట్ల గురించి కూడా ఒక పేజీ కేటాయించాలి. ఆ పేజీ అత్తలనూ అమ్మమ్మలనూ కించపరిచేలా ఉండకూడదు. 24 గంటలు గడిచేదాకా స్నానం ఎందుకు వద్దో, పొగ ఆ చిన్న ఊపిరితిత్తులను ఏం చేస్తుందో కారణంతో చెబితే వారే అందరికంటే ముందు కాపలా కాస్తారు.

ఆక్సిజన్ కూడా మందే. నెలలు నిండిన బిడ్డకు బ్యాగ్, మాస్కుతో ఊపిరి అందించడం గది గాలితోనే మొదలుపెట్టాలి. నెలలు నిండని బిడ్డకు ఆక్సిజన్ పెట్టినప్పుడు పల్స్ ఆక్సీమీటరులో కనిపించే రక్తంలోని ఆక్సిజన్ స్థాయిని 90 నుంచి 95 శాతం మధ్య నిలపాలి. అంతకు మించితే కంటి రెటీనా దెబ్బతిని చూపు పోయే ప్రమాదం ఉంది. అందుకే 34 వారాల లోపు పుట్టిన, లేదా 2,000 గ్రాముల లోపు ఉన్న బిడ్డలందరికీ పుట్టిన నాలుగు వారాల లోపు కంటి పరీక్ష జరగాలి. మరీ చిన్నవారికి ఇంకా ముందే జరగాలి. ఆ తేదీని డిశ్చార్జి నాడు కాక, చేరిన నాడే కేసు షీటు మీద రాయాలి.

మనుషులు, పరికరాలు, కరెంటు

ఏడాదికి 3,000 కాన్పులు జరిగే ఆసుపత్రికి 12 పడకల ఎస్‌ఎన్‌సీయూ, ప్రతి షిఫ్టులో మూడు నాలుగు పడకలకు ఒక నర్సు అన్నది జాతీయ ప్రమాణం. శిక్షణ పొందిన నర్సును ఏడాది తిరగకముందే వేరే వార్డుకు మార్చే అలవాటును ఆపకపోతే మిగతా దశలన్నీ వృథా అవుతాయి. బదిలీల నియమాన్ని మార్గదర్శకంలోనే రాసి, కలెక్టరు ఆమోదం తీసుకోవాలి.

2014 హుద్‌హుద్‌నూ, 2018 తిత్లీనీ చూసిన తీరం మనది. తిత్లీ తర్వాత పలాస, ఉద్దానం ఊళ్లలో కరెంటు చాలా రోజులు రాలేదు. వార్మర్, ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే సీపాప్, కామెర్లకు కాంతితో చేసే ఫొటోథెరపీ అన్నీ ఆగిపోతే ఏం చేయాలో తుపాను పేజీ ఒకటి ఉండాలి. జనరేటరు ఇంధనం, నిండు సిలిండర్లు, ఏ బిడ్డను ముందు తరలించాలన్న క్రమం, కరెంటుతో పనిలేని కంగారూ సంరక్షణకు దుప్పట్లు, టోపీలు అందులోకి వస్తాయి.

శిక్షణను రూపొందించడం

జాతీయ పద్ధతిలో ఎస్‌ఎన్‌సీయూ సిబ్బందికి నాలుగు రోజుల తరగతి, ఆపై పెద్ద కేంద్రంలో రెండు వారాల పరిశీలన ఉంటుంది. చట్రం మంచిదే. లోపం సాధారణంగా ఆ తర్వాతి కాలంలో ఉంటుంది. తరగతిలో నేర్చుకున్న నైపుణ్యం, ముఖ్యంగా ఊపిరి తీసుకోని బిడ్డకు మొదటి నిమిషంలోనే బ్యాగ్, మాస్కుతో గాలి అందించే నైపుణ్యం, సాధన లేకపోతే కొద్ది నెలల్లోనే తగ్గిపోతుంది. నెలకు రెండు మూడు కాన్పులే జరిగే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అలాంటి బిడ్డ ఏడాదికి ఒకరు కూడా రాకపోవచ్చు, వచ్చిన రోజు మాత్రం తడబాటుకు వ్యవధి ఉండదు. కాబట్టి కాన్పు గదిలోనే ఒక బొమ్మ, ఒక బ్యాగ్ ఉంచి, షిఫ్టు మారేటప్పుడు పది నిమిషాలు ఇద్దరిద్దరు సాధన చేసే పద్ధతిని శిక్షణలో భాగంగా లెక్కించాలి. ఇద్దరిలో ఒకరు చేస్తుంటే మరొకరు చెక్‌లిస్టు చూసి చెప్పాలి.

పాఠ్యాంశాలకంటే ముందు సామర్థ్యాల జాబితా రాయాలి. ‘కామెర్ల గురించి తెలుసుకుంటారు’ అని రాయకుండా, ‘బిడ్డ వయసు గంటలనూ గర్భకాలాన్నీ బట్టి చార్టు చూసి ఫొటోథెరపీ అవసరాన్ని నిర్ణయిస్తారు’ అని రాయాలి. ప్రతి సామర్థ్యాన్నీ చేయించి చూసి మార్కులు వేయాలి. రాత పరీక్షలో నెగ్గి మాస్కు సరిగా పట్టుకోలేని వ్యక్తికి ధ్రువపత్రం ఇవ్వకూడదు. బోధన తెలుగులో జరగాలి. మందుల పేర్లు, పరికరాల పేర్లు వార్డులో ఎలా పలుకుతారో అలాగే ఉంచవచ్చు. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఒడియా మాట్లాడే తల్లులకూ, కొండ గూడేలలో సవర మాట్లాడే తల్లులకూ ప్రమాద లక్షణాలు వివరించే బొమ్మల పుస్తకం ఆ భాషల వారితోనే సరిచూయించాలి. పాలు తాగకపోవడం, ఒళ్లు చల్లబడడం లేదా కాలడం, వేగంగా ఊపిరి, డొక్కలు ఎగరేయడం, ఫిట్స్, కదలిక తగ్గడం అన్న లక్షణాలను తల్లి తన మాటల్లో తిరిగి చెప్పగలిగినప్పుడే ఆమెకు నేర్పడం పూర్తయినట్టు.

శిక్షకులను ఎంచేటప్పుడు పదవిని చూడకూడదు. రోజూ బిడ్డలను చూసే, ఓపికగా చూపించగల సీనియర్ నర్సు మంచి మెంటర్ అవుతారు. ఆమె నెలకొకసారి స్థిరీకరణ విభాగాలకు వెళ్లి, తప్పులు పట్టే తనిఖీలా కాకుండా, ఒక పూట వాళ్లతో కలిసి పనిచేయాలి. ఆ రోజును ఆమె డ్యూటీగానే లెక్కించి ప్రయాణ ఖర్చు ఇవ్వాలి. అంబులెన్సు సిబ్బందిని మరిచిపోకూడదు. టెక్కలి నుంచి శ్రీకాకుళం వచ్చే దారిలో బిడ్డ చల్లబడితే, రెండు చివర్లా ఇచ్చిన శిక్షణ మధ్యలోనే వ్యర్థమవుతుంది.

ఇంటికి పంపడం

ఆశా కార్యకర్త ఇంటి సందర్శనలు, ఆసుపత్రి కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో, 2011 నుంచి అమల్లో ఉన్నాయి. ఇంటి కాన్పు అయితే మొదటి రోజు కూడా వెళ్లాలి. ఎస్‌ఎన్‌సీయూలో ఇరవై రోజులు ఉన్న బిడ్డ విషయంలో ఈ లెక్క తప్పుతుంది కాబట్టి, డిశ్చార్జి అయిన 24 గంటల లోపు మొదటి సందర్శన జరిగేలా జిల్లా నియమం పెట్టుకోవడం అవసరం.

కొలవడం, మార్చడం

మొదట రెండు మూడు ఆసుపత్రులలో, ఒకటి తీరంలో, ఒకటి కొండ దిగువన ఉండేలా ఎంచి, మూడు నెలలు అమలుచేసి చూడాలి. సూచికలు కొన్నే ఉండాలి. చేరినప్పుడు చల్లబడి ఉన్న బిడ్డల శాతం, కంగారూ సంరక్షణ సగటు గంటలు, తల్లిపాలపైనే డిశ్చార్జి అయినవారు, సమయానికి కంటి పరీక్ష జరిగినవారు, బరువు వర్గాలవారీగా మరణాలు చాలు. శాతం వేసేటప్పుడు కింద ఉండే మొత్తం సంఖ్యలో బయట పుట్టి వచ్చినవారినీ, పైకి పంపినవారినీ, కుటుంబం తీసుకువెళ్లిపోయినవారినీ తప్పక కలపాలి. పైకి పంపిన బిడ్డ విశాఖలోని కేజీహెచ్‌లో మరణిస్తే మన పుస్తకంలో అది కనిపించదు, మనం బాగా చేస్తున్నామన్న భ్రమ మాత్రం మిగులుతుంది. వారానికొకసారి ఫోన్ చేసి ఫలితం కనుక్కునే బాధ్యత ఒకరికి పేరు పెట్టి అప్పగించాలి. మరణాల సమీక్షలో ఎవరిని శిక్షించాలన్న చర్చ వస్తే సిబ్బంది నిజం దాచడం నేర్చుకుంటారు. ఏ మజిలీలో ఏం ఆలస్యమైందన్న ప్రశ్న దగ్గరే నిలబడాలి.

ప్రతి పేజీ అడుగున తయారైన తేదీ, తిరిగి చూడాల్సిన తేదీ ఉండాలి. రెండేళ్లకొకసారి మొత్తం పత్రాన్నీ, కంగారూ సంరక్షణ విషయంలో వచ్చినంత పెద్ద ఆధారం వెలువడినప్పుడు వెంటనే ఆ ఒక్క పేజీనీ మార్చాలి. కొత్త పేజీ పంపేటప్పుడు, పాత చార్టును గోడ నుంచి తీసి జిల్లా కార్యాలయానికి తిరిగి పంపినట్టు ప్రతి కేంద్రం ఇన్‌చార్జి నర్సు నుంచి రసీదు తీసుకోవాలి.